నడిరేయి నెత్తుటి చుక్క

బోదకాలును ఆయుర్వేదం ‘శ్లీపదం’ అంటుంది. పాతనీరు నిలిచి, అన్ని ఋతువులలోనూ చల్లగా ఉండే ప్రదేశాలలో ఈ వ్యాధి విశేషంగా కనిపిస్తుందని సుశ్రుతుడు చెప్పాడు. మన గోదావరి డెల్టాను చూసి చెప్పినట్లే ఉన్నది! అయితే నేడు నేను ముచ్చటించదలచినది రోగాన్ని గురించి కాదు, దాని జాడ తీయడానికి చీకటిలో ఇల్లిల్లూ తిరిగిన ల్యాబ్ టెక్నీషియన్ల గురించి.

ఈ రోగపు సూక్ష్మశిశువులు పగలు ఊపిరితిత్తుల నాళాలలో దాగి, రాత్రి పది మొదలు రెండు గంటల దాకా చర్మం కిందికి విరివిగా వస్తాయి. వాటిని మోసే దోమ కుట్టేది ఆ వేళలోనే గదా! ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు 1870ల చివర చైనాలో ఈ కాలనియమాన్ని గుర్తించాడు. పగటి నెత్తురు చూసి రోగం లేదనడం చెల్లదు కాబట్టి ప్రయోగశాలే రోగి గడపకు నడిచింది.

1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. సిబ్బందికి తర్ఫీదునిచ్చే కేంద్రాలలో ఒకటి మన రాజమండ్రిలోనే వెలసింది. నా చిన్నతనంలో మా వీధికీ వచ్చేవారు. చేతిలో టార్చిలైటు, చంకన గాజుపలకల పెట్టె. “ఒక్క చుక్కేనండీ అమ్మగారూ” అంటూ నిద్రపోతున్న పిల్లల వేళ్ళు పొడిచేవారు. తలుపు తీయని ఇళ్ళూ, తిట్టి పంపిన ఇళ్ళూ ఉండేవి. తీసినది ఇరవై ఘనమిల్లీమీటర్లు. దానిని పలకపై మందంగా పరచి, ఆరబెట్టి, నీటిలో ఎరుపు కడిగి, రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూడాలి. ఒంటికి తొడుగు, తోక కొనలో కేంద్రకాలు లేకపోవడం: ఇవే ఆనవాళ్ళు. రాత్రంతా తిరిగిన కన్ను పగలు ఇంత సూక్ష్మం చూడాలంటే మాటలా?

పలకలో పురుగు కనబడితే ఇచ్చే మాత్ర డీఈసీ, పన్నెండు రోజుల మోతాదు. 1947లో అమెరికాలోని లెడర్లే సంస్థలో దానిని వెలికితెచ్చిన బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టినవాడు. మరుసటి ఏడే కన్నుమూశాడు. రక్తంలో భాస్వరం కొలిచే ‘ఫిస్కే-సుబ్బారో’ పద్ధతి (1925) కూడా ఆయనదే. ల్యాబులలో దశాబ్దాలపాటు ఆ పేరు పలికినవారిలో ఎందరు ఆయనను మన డెల్టా బిడ్డగా ఎరుగుదురో!

2004 నుండి రోగం ఉన్నా లేకున్నా ఊరందరికీ మాత్రలు పంచే పద్ధతి దేశమంతటా వచ్చింది. పగలే రోగాన్ని పట్టిచ్చే పరీక్షాపట్టీలూ వచ్చాయి. అయినా నెత్తుటిలో సజీవశిశువులు ఇంకెన్ని మిగిలాయో లెక్కించాలంటే నేటికీ ఎవరో ఒకరు రాత్రివేళ తలుపు తట్టవలసినదే.