ఆంగ్రోన్యా లోయలో పెద్ద బైబిలు

ఇటలీ దేశమున టూరిన్ నగరమునకు నైరుతి దిక్కున, ఆల్ప్స్ కొండలలో ఆంగ్రోన్యా అను గ్రామము కలదు. లూథరుగారికి మూడు శతాబ్దములు ముందే సువార్తను స్వభాషలో వినిన వాల్డెన్సీయుల లోయ ఇది. లియోన్ పట్టణపు వర్తకుడు వాల్డో 12వ శతాబ్దమున తన ఆస్తిని విడిచి, సువార్తలను ప్రజల భాషలోనికి మార్పించెను. ఆయన మార్గమును పట్టినవారు తరుమబడి ఈ కొండలు చేరిరి.

లోయ చివర ప్రా దెల్ తోర్నోలో ‘బర్బాల పాఠశాల’ అను రాతి ఇంటిని, అందలి రాతి బల్లను చూచితిమి. బర్బా అనగా అక్కడి మాటలో మామ. మనము అయ్యగారు అనునట్లు, వారు తమ బోధకులను మామ అని పిలిచిరి! పెద్దవాడొకడు, చిన్నవాడొకడు జంటగా ఊరూర తిరిగెడివారు. వాక్యమును కంఠస్థము చేసెడివారు. వారి చేవ్రాత ప్రతులలో కొన్ని అంగీ మడతలో దాగునంత చిన్నవి.

షాన్‌ఫొరాన్ అను చోట ఒక స్మారక స్తంభము నిలిచియున్నది. 1532 సెప్టెంబరులో అక్కడనే సభ కూడెను. స్విట్జర్లాండు నుండి ఫారెల్ మొదలగు సంస్కర్తలు వచ్చిరి. దాగుట మాని బహిరంగముగా ఆరాధించుటకును, బైబిలును ఫ్రెంచి భాషలో అచ్చు వేయించుటకును సభ తీర్మానించెను. ఇద్దరు బర్బాలు ఒప్పుకొనక, బొహేమియా సహోదరుల యొద్దకు మొర పెట్టుకొనబోయిరి.

చదువరులు ఇచ్చట కొంచెము ఆగవలెను. వీరి ఇంటి భాష ఫ్రెంచి కాదు. అయినను మేకలు కాచుకొను ఈ బీదలే అచ్చు ఖర్చు భరించిరి. కాల్విన్ బంధువగు ఒలివెతాన్ హెబ్రీ, గ్రీకు మూలములనుండి తర్జుమా చేసి, తన ముందుమాటకు ‘ఆల్ప్స్ నుండి’ అని 1535 ఫిబ్రవరి 12 తేదీ వేసెను. ఆ యేడే గ్రంథము వెలువడెను. అది పెద్ద గ్రంథము; బల్లమీద పరచి చదువవలసినదే గాని అంగీలో దాగునది కాదు.

బయటపడినందుకు వెల చెల్లించిరి. 1545లో ప్రోవాన్స్‌లోను, 1561లో కలాబ్రియాలోను వారి సహోదరులు హతమైరి. 1655 ఈస్టరు కాలమున ఈ లోయలలోనే ఊచకోత జరిగెను. 1686లో మిగిలినవారిని చెరపట్టి వెళ్లగొట్టిరి. 1689లో ఆన్రీ ఆర్నో నాయకత్వమున కొందరు కొండలు దాటి తిరిగి వచ్చిరి. పౌరహక్కులు 1848 ఫిబ్రవరి 17న గాని దొరకలేదు. ఆ ఇద్దరు బర్బాల భయము వట్టిది కాదనియే మా అభిప్రాయము. అయినను సభ తీర్మానము లేనిచో ఆ బైబిలు లేదు.

బర్బాల నాటి చిన్న ప్రతులు కొన్ని నేడు కేంబ్రిడ్జి, డబ్లిన్, జెనీవా గ్రంథాలయములలో నున్నవి.