త్రాగుడు మానినవానికి తావు



త్రాగుడువలన కలుగు హానినిగూర్చి మీరు వినని మాట లేదు. దానిని మరల వర్ణించుట నా యుద్దేశము కాదు. ఒక మనుష్యుడు త్రాగుడు మానినాడనుకొందము. పగలంతయు పనిలో గడచును. ప్రొద్దు క్రుంకును. ఇరువది యేండ్లుగా ఆ వేళకు అతని కాళ్లు కల్లుపాక దారి పట్టుచుండెను. అతని స్నేహితులు అక్కడనే యున్నారు. ఊరి కబుర్లు అక్కడనే పుట్టును. కష్టసుఖములు చెప్పికొనుటయు అక్కడనే. ఇప్పుడాతడు ఎక్కడికి పోవలెను? ఈ ప్రశ్నకు వేర్వేరు దేశములవారు వేర్వేరు కాలములందు చెప్పిన సమాధానములను నేడు మీకు మనవి చేయుదును.

అమెరికాలో బాల్టిమోరు అను రేవుపట్టణము కలదు. 1840 ఏప్రిలు నెలలో అచటి యొక సారాయి దుకాణమున ఆర్గురు మిత్రులు కూడియుండిరి. వారిలో ఒకడు దర్జీ, ఒకడు వడ్రంగి, ఇద్దరు కమ్మరులు, ఒకడు బండ్లు చేయువాడు, ఒకడు వెండిపనివాడు. అందరును త్రాగుడునకు లోబడినవారే. ఊరిలో ఒకరు మద్యపానమును ఖండించుచు ఉపన్యసించిన సంగతి వారి నడుమ చర్చకు వచ్చెను. ఆ చర్చ ముదిరి, తుదకు ఆర్గురును ఇక త్రాగమని ప్రతిజ్ఞ వ్రాసి చేవ్రాళ్లు చేసిరి. తమ సంఘమునకు ఆ దేశపు తొలి అధ్యక్షుడగు వాషింగ్టను పేరు పెట్టుకొనిరి.

వారి పద్ధతి మిక్కిలి సులభమైనది. వారమునకొకసారి కూడుట, ఎవని కథ వాడు దాచక చెప్పుట, మరల వచ్చునప్పుడు మరియొక త్రాగుబోతును వెంట తెచ్చుట. వచ్చినవానికి బట్ట లేకున్న బట్ట, పని లేకున్న పని చూపుటయు కలదు. అంతవరకు మద్యపాన నిషేధ ప్రచారకులు త్రాగుబోతును చెడినవానిగానే యెంచి, చెడనివారికి బుద్ధి చెప్పుచుండిరి. వీరు చెడినవానినే చేరదీసిరి. 1842 ఫిబ్రవరి 22వ తేదీన స్ప్రింగుఫీల్డు పట్టణమున ఈ సంఘమువారి సభలో అబ్రహాం లింకను ప్రసంగించి, నిందకంటె స్నేహపూర్వకమైన మాటకే బలమెక్కువయని చెప్పెను. అప్పటికి ఆయన దేశాధ్యక్షుడు కాలేదు.

అయినను ఆ సంఘము చిరకాలము నిలువలేదు. కొలది యేండ్లలోనే చాల చోట్ల సన్నగిల్లెను. మద్యమును చట్టముచే మాన్పవలెనా, మంచిమాటచే మాన్పవలెనా యను వివాదములు లోపల ప్రవేశించెను. ప్రతిజ్ఞనాటి యుత్సాహము చల్లారిన పిదప, మానినవానిని ఏడాది పొడుగున కనిపెట్టియుండు ఏర్పాటు అన్నిచోట్లను లేకపోయెను. అట్టి యేర్పాటు చేసినచోట మాత్రము ఫలము మిగిలెను. బోస్టను నగరమున 1857లో త్రాగుబోతులు కొంతకాలము వసించి కోలుకొనుటకై వెలసిన గృహము ఆ యుద్యమపు బిడ్డయే.

ఇక లండను నగరమునకు పోవుదము. అచట పనివారలు నివసించు లాంబెత్తు పేటలో ఒక నాటకశాల యుండెను. అందు ఆటకంటె త్రాగుడే ప్రధానము. ఎమ్మా కాన్సు అను నామె దానిని చేతికి తీసికొని, 1880 డిసెంబరు నెలలో మద్యము లేని వినోదశాలగా తెరిచెను. పాటయు, ఆటయు నుండెను. సారాయికి బదులు కాఫీ యుండెను. కొంతకాలమునకు స్వల్పమైన రుసుముతో శాస్త్రవిషయములపై ఉపన్యాసము లేర్పడెను. వినవచ్చినవారు ఇంకను నేర్చికొనగోరగా, 1889లో అక్కడనే పనివారి విద్యాలయము వెలసెను. ఆమె బోధించినది తక్కువ, చూపినది యెక్కువ. పనివాడు దుకాణమునకు పోవునది మత్తుకొరకు మాత్రమే కాదు; దీపపు వెలుగుకొరకు, నలుగురి తోడుకొరకును పోవును. ఆ రెండును మరియొకచోట దొరికినచో కొంతమందియైన అక్కడికి వత్తురు.

వినోదశాల యొక్కటే చాలదు. వ్యసనము ముదిరినవానికి తనవంటివాని తోడు కావలెను. 1935లో అమెరికాలోని ఆక్రను పట్టణమున బిల్ విల్సను అను వర్తకుడును, రాబర్టు స్మిత్తు అను శస్త్రవైద్యుడును కలిసికొనిరి. ఇద్దరును త్రాగుడుచే నష్టపడినవారే. ఒకనికొకడు తన బాధ చెప్పికొనుటచే ఇద్దరును నిలిచిరి. వారినుండి పుట్టిన సంఘము నేడు మన దేశముతోకూడ లోకమంతటను వ్యాపించియున్నది. సభ్యత్వమునకు రుసుము లేదు, పేరు బయటపెట్టరు. బయటి వివాదములలో సంఘము జోక్యము చేసికొనరాదని 1950లో నియమముగా స్వీకరించిరి. బాల్టిమోరువారిని కూల్చిన దోషమునకు వీరు ముందే కట్ట వేసికొనిరి.

అయినను త్రాగుడు ఒక్కని రోగము కాదు, ఇంటిల్లిపాదిది. ఈ సంగతిని ఆచరణలో పెట్టినవాడు క్రొయేషియా దేశపు వైద్యుడు వ్లాదిమిరు హుడోలిను. ఆస్పత్రిలో కుదుటపడిన రోగి ఇల్లు చేరగానే మరల పాత దారి పట్టుట వైద్యులకు అనుభవమే. 1964లో ఆయన జాగ్రెబు నగరమున, చికిత్స పొందినవారికై ఒక సంఘమును స్థాపించెను. దానికి రోగి యొక్కడే పోడు. భార్యయు బిడ్డలును వెంట పోవుదురు. తాముండు ప్రాంతముననే వారమునకొకసారి కూడుదురు. ఈ పద్ధతి 1979లో ఇటలీకి ప్రాకెను. అచట ఒక సంఘమున పండ్రెండు కుటుంబములకు మించి యుండరాదు. మించినచో రెండుగా చీలవలెను. గుంపు పెరిగినచో ఒకని మొగము మరియొకడు మరచును గదా!

మన దేశమునకు వత్తము. చెన్నరాజధానిలో రాజాజీ మంత్రివర్గము 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. దుకాణములు మూయించుటతో తృప్తిపడక, భజనలు, ఆటలు, నాటకములు, పొదుపు సంఘములు మొదలగువానిని ప్రోత్సహించిరి. సాయంకాలమునకు వేఱొక దారి చూపవలెనని ఆనాటివారికి తోచియుండుట గమనింపదగినది.

మన ఆడుబిడ్డలు చేసిన పనియు చరిత్రకెక్కినది. 1990వ దశకపు ఆరంభమున నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కేంద్రములు నడచుచుండగా, దూబగుంట గ్రామపు స్త్రీలు చదువుకొనుటకు కూడి, తమ కాపురములను కూల్చుచున్న సారాయినిగూర్చి మాటలాడుకొని, దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారాయి నిషిద్ధమయ్యెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. స్త్రీలకు కూడుటకొక చోటు దొరికినందున వారికి బలము కలిగెను. త్రాగుడు మానిన పురుషులకు అట్టి చోటు ఊరూర ఏర్పడలేదు. చట్టము దుకాణము తలుపు మూయగలదు; మరియొక తలుపు తెరువవలసినవారు ఊరివారే.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఏండ్ల తరబడి మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణాపాయమును కలదు. కావున మొదట వైద్యుని చూపింపవలెను. గదిలో పెట్టి గొళ్లెము వేయుట వైద్యము కాదు. ఆస్పత్రి పని ముగిసిన పిదపనే ఊరి పని మొదలగును.

ఆ పనికి గొప్ప భవన మక్కరలేదు. గ్రంథాలయపు గది చాలును, భజనమందిరపు వసారా చాలును. వారమునకొక సాయంకాలము తప్పక దీపము వెలుగవలెను. మానినవాడు అక్కడ మాటలాడవలెను, తక్కినవారు వినవలెను. భార్యాబిడ్డలకును చాప వేయవలెను. ఊరి కక్షలు, పార్టీల మాటలు గడపకు వెలుపలనే నిలువవలెను. అన్నిటికంటె ముఖ్యము మరియొకటి కలదు. కాలు జారినవాడు మరల వచ్చినప్పుడు, "మేము ముందే యనుకొంటిమి" అను మాట ఎవరినోటను రాకూడదు. నడక నేర్చు బిడ్డ పడినప్పుడు మనము లెక్కపెట్టము, లేవనెత్తుదుము. మానినవాడు నాలుగుమారులు జారి, అయిదవమారు నిలిచిన సందర్భములు వైద్యులెరిగినవే. ఆ అయిదవమారువరకు తలుపు తెరచియుంచుట ఊరి పెద్దల చేతిలో నున్నది.

మీ గ్రామమున కల్లుపాక యెక్కడనున్నదో పసివానిని అడిగినను చెప్పును. దానిని విడిచివచ్చినవాడు కూర్చుండు చోటెక్కడ అని అడిగినచో, చూపుటకు ఒక చావడియైన నుండవలెనని నా ప్రార్థన.