ఒంటి బతుకు, పంచన బతుకు

నడుమూ మోకాళ్లూ పట్టేసినవాళ్లకు చైనా వైద్యులు పదమూడు వందల ఏళ్లకు పైగా ఇస్తున్న కషాయం ఒకటుంది. దాని పేరు దూహ్వో జీషెంగ్ థాంగ్. ఏడో శతాబ్దంలో సున్ సిమియావ్ అనే వైద్యుడు రాసిపెట్టిన యోగమిది. ఆయన గ్రంథం పేరులో ‘వెయ్యి బంగారాలు’ అన్న మాట ఉంది. మనిషి ప్రాణం అంతకన్నా విలువైనదని ఆయన నమ్మకం. మందులో దినుసులు 15. నన్ను కట్టిపడేసింది మాత్రం పేరులోని ఐదు అక్షరాలు.

‘దూ’ అంటే ఒంటరి, ‘హ్వో’ అంటే బతకడం. ‘జీ’ అంటే ఒకరి దగ్గర తలదాచుకోవడం. ‘షెంగ్’ అన్నా బతుకే, పుట్టుక కూడా. ‘థాంగ్’ కషాయం. ఒంటి బతుకునూ పంచన బతుకునూ ఒకే కుండలో కాచారన్నమాట.

దూహ్వో ఒక వేరు. కొత్తిమీర, వాము కుటుంబంలోని మొక్కది. ఒకే కాడ నిటారుగా లేచి గాలికి ఊగదు గనుక ఆ పేరు వచ్చిందని మూలికల పండితుడు థావ్ హుంగ్‌జింగ్ (456–536) చెప్పాడు. పాత మూలికా గ్రంథాలు ఇంకో అడుగు ముందుకేసి, అది గాలి వీస్తే కదలదనీ, గాలి లేనప్పుడు తనంతట తానే కదులుతుందనీ అన్నాయి. వృక్షశాస్త్రం ఒప్పుకోదు. కానీ కీళ్లనొప్పికి చైనా వాళ్లు పెట్టుకున్న పేరు చూడండి: ఫెంగ్‌షీ. ఫెంగ్ గాలి, షీ చెమ్మ. గాలి రోగానికి గాలి కదపలేని మొక్క!

ఈ గాలి మనకూ కొత్త కాదు. కీళ్లవాతంలోని వాతం, వీచడమనే అర్థమున్న ‘వా’ ధాతువు నుంచి వచ్చింది. వాయువు దాని తోబుట్టువు, ఇంగ్లీషు ‘విండ్’ దూరపు చుట్టం. అయితే మన వాతం ఒంట్లోనే ఉండి ప్రకోపిస్తుంది, చైనా గాలి బయటి నుంచి చొరబడుతుంది. మూత్రపిండాల సత్తువ తగ్గినవాడు చల్లటి చెమ్మ నేల మీద గాలికి పడుకుంటే నడుంనొప్పి వస్తుందని సున్ సిమియావ్ రాశాడు. గచ్చు మీద పడుకున్న పిల్లల్ని లేపుతూ మన పెద్దవాళ్లు అనే మాటకు ఇది ఎంత దగ్గర! గ్రీకులు గాలిని వదిలి నీటిని పట్టుకున్నారు. రుమాటిజంలోని ‘రుమా’కు అర్థం ప్రవాహం, చెడ్డ ద్రవమేదో పారి కీళ్లలో చేరుతుందని వాళ్ల ఊహ.

‘కీలెరిగి వాత పెట్టాలి’ అన్న సామెత ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆ వాతకూ ఈ వాతానికీ చుట్టరికం లేదు. అది కాల్చి పెట్టేది. కానీ మాచిపత్రి జాతి ఆకును నలిపి ముద్దచేసి, చోటు చూసి ఒంటిమీద కాల్చే వైద్యం చైనాలో ఉంది. కీలెరగడమే అక్కడా అసలు విద్య.

ఇక జీషెంగ్. మామిడి కొమ్మ మీద వేరే ఆకుతో గుబురుగా కనబడే మన బదనిక లాంటిదే ఇది. మందులోకి మల్బరీ చెట్టు పేరు మీద చలామణీ అయ్యేదాన్ని వాడతారు. బదనికకు అమరకోశం ఇచ్చిన పేర్లలో ‘వృక్షాదని’ ఒకటి, అంటే చెట్టును తినేది. చైనా పేరులో ఆ నింద లేదు. ‘జీ’ అక్షరం నెత్తిన ఇంటికప్పు ఉంటుంది. ఉత్తరం పోస్టు చేయడానికీ అదే మాట: మనదాన్ని ఇంకొకరి చేతికి నమ్మి అప్పగించడం. నాకు ఈ పేరే ఇష్టం. అమరకోశానికి అన్యాయం చేయకూడదు, బదనికను అది ‘జీవంతిక’ అని కూడా పిలిచింది. కాలం మాత్రం జీషెంగ్‌నూ వదల్లేదు. దాని వెనక పురుగు అన్న మాట చేరిస్తే ఈనాటి చైనీయులకు అది కడుపులోని నులిపురుగు లాంటి పరాన్నజీవి!

థాంగ్ మొదట వేడినీళ్లు, తర్వాత కషాయం, ఇప్పుడు భోజనంలో సూప్. మన కషాయమూ అలా తిరిగిందే: వగరు రుచిగా మొదలై కాచిన మందయింది, కాషాయమై సన్యాసి బట్టకెక్కింది. జపాన్‌వాళ్లు దూహ్వో అక్షరాలను తీసుకుని ‘ఉదో’ అనే వేరే కూరమొక్కకు తగిలించారు. ముదిరితే ఆ మొక్క ఏపుగా పెరుగుతుంది గానీ కలపకు పనికిరాదు. ఒళ్లు పెరిగి పని చేతకానివాణ్ణి అక్కడ ‘ఉదో మహావృక్షం’ అంటారు. గాలికి చలించని పేరు సముద్రం దాటి ఇలా అయింది.

మిగతా దినుసుల్లో ‘గాలిని ఆపేది’ ఉంది, ‘ఎద్దు మోకాలు’ ఉంది. ఆ ఎద్దు మోకాలు మన ఉత్తరేణి ప్రజాతిదే. కణుపులు ఉబ్బి ఉంటాయి గనుక ఆ పేరు. పేర్లు ముచ్చటగా ఉన్నాయని ఎవరూ సొంతంగా కాచుకోవద్దు. షీషిన్ అనే దినుసులో మూత్రపిండాలను దెబ్బతీసే అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది.

మళ్లీ ‘హ్వో’ దగ్గరికి వస్తాను. ఆ అక్షరానికి ఎడమపక్క మూడు నీటిచుక్కలుంటాయి. చైనా తొలి నిఘంటువుల్లో ఒకటైన షువోవెన్‌లో దాని అర్థం నీరు పారే చప్పుడు. గ్రీకులకు రోగమైన ప్రవాహం ఇక్కడ ప్రాణమైంది. మందు పేరులో ఎడంగా ఉన్న హ్వోనూ షెంగ్‌నూ తిరగేసి కలిపితే షెంగ్‌హ్వో అవుతుంది. ఈనాటి వాడుకలో అది రోజువారీ బతుకు: పొద్దున మంచం దిగడం, మెట్లు దిగడం, సంచి పట్టుకుని వెళ్లి కూరగాయలు తెచ్చుకోవడం.