కుక్కకు గజ్జి అని కాలిన ఆయిల్ పూస్తున్నారా? ఆగండి.. అది గజ్జే కాకపోవచ్చు!

ఆదోని మార్కెట్ యార్డు చుట్టుపక్కల, ఎమ్మిగనూరు నేత వీధుల్లో.. ఎక్కడ చూసినా ఒకటో రెండో ఇలాంటి కుక్కలు కనిపిస్తాయి. వెంట్రుకలు రాలి, చర్మం ఏనుగు తోలులా మందమై, నిలబడనివ్వని దురదతో గోడకు ఒళ్లు రుద్దుకుంటూ ఉంటాయి. జనం చూసి "గజ్జి కుక్క" అనేస్తారు. ఎవరో జాలిపడి మెకానిక్ షెడ్డు నుంచి కాలిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి పూస్తారు. సమస్య అక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే వెంట్రుకలు ఊడటానికి కారణం ఒకటి కాదు.

అసలు గజ్జి ఏది?

నిజమైన గజ్జికి కారణం సార్కోప్టిస్ అనే సూక్ష్మ పురుగు. కంటికి కనిపించదు. చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది. చెవి అంచులు, మోచేతులు, వెనక కాళ్ల మడమలు, పొట్ట కింద మొదలవుతుంది. దురద విపరీతం, కుక్క రాత్రంతా గోకుతూనే ఉంటుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే ఒక్కసారి మందు వేసి "తగ్గలేదు" అని వదిలేస్తే లాభం లేదు.

రెండోది డెమోడెక్స్. ఇదీ పురుగే కానీ తీరు వేరు. పుట్టిన తొలి రోజుల్లోనే తల్లి నుంచి పిల్లకు వస్తుంది. చాలా కుక్కల ఒంటి మీద ఏ హానీ చేయకుండా ఉండిపోతుంది. తిండి లేక, వేరే రోగాలతో ఒళ్లు నీరసించినప్పుడు విజృంభిస్తుంది. కళ్ల చుట్టూ, మూతి దగ్గర, ముందుకాళ్ల మీద వెంట్రుకలు పోతాయి. మొదట్లో దురద పెద్దగా ఉండదు. ఇది మనుషులకు అంటదు.

గుండ్రటి మచ్చల్లా వెంట్రుకలు పోతే తామర కావచ్చు. అది ఫంగస్. ఇంట్లో పిల్లలకు అంటుకునేది ముఖ్యంగా ఇదే. గజ్జి పురుగు వల్ల కూడా కుక్కను ఎత్తుకున్నవాళ్లకు చేతుల మీద, పొట్ట మీద దద్దుర్లు వస్తాయి గానీ, కుక్క గజ్జి పురుగు మన ఒంట్లో వంశం పెంచుకోలేదు. కుక్కకు నయమైతే మనకూ తగ్గుతుంది.

ఇక పిడుదులు. వేడి ప్రాంతాల్లో ఇవి ఏడాదంతా ఉంటాయి. కుక్క ఒంటి మీద ఏరేస్తే పోవు. రక్తం తాగి కిందపడి, గోడ పగుళ్లలో, బండల సందుల్లో వేల గుడ్లు పెడతాయి. కాబట్టి కుక్కతో పాటు అది పడుకునే చోటు కూడా శుభ్రం చేయాలి. ఎర్లీషియా అనే రక్త జబ్బునూ ఇవే మోస్తాయి. పిడుదులు ఉన్న కుక్క జ్వరంతో తిండి మానేస్తే వెంటనే చూపించాలి.

ఆయిల్ పూస్తే ఏమవుతుంది?

కుక్క దాన్ని నాకుతుంది. విషం కడుపులోకి పోతుంది. పుండ్లున్న చర్మం నుంచి కూడా లోపలికి ఇంకుతుంది. కాలేయం, కిడ్నీలు దెబ్బతినవచ్చు. కిరోసిన్, ఫినాయిల్ కూడా అంతే. ఇప్పటికే పూసి ఉంటే, కుక్క నాక్కోకుండా చూస్తూ గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి డాక్టర్‌కు చూపించండి. గంధకం సంగతి వేరు. దానికి గజ్జి పురుగును చంపే గుణం నిజంగానే ఉంది, మందుల్లోనూ వాడతారు. పెద్దవాళ్ల మాట పూర్తిగా తప్పేం కాదు. కానీ దాన్ని కాలిన ఆయిల్‌లో కలిపి పూస్తే ఆ మంచి కూడా పోతుంది.

ఇంకో అలవాటు.. గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌నే అంచనాగా కుక్కకూ పొడిచేయడం. గొర్రెల మందలున్న పల్లెల్లో ఈ మందు చేతికి అందుబాటులో ఉంటుంది. గొర్రె బరువుకు కొలిచే మందు కుక్కపిల్లకు ఎక్కువైతే వణుకు, మత్తు, ప్రాణం మీదికే రావచ్చు. కోలీ జాతి కుక్కలకైతే మామూలు కుక్కలు తట్టుకునే మోతాదే విషం. మెడికల్ షాపులో దొరికే స్టెరాయిడ్ క్రీములు, మాత్రలతోనూ జాగ్రత్త. దురద రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది, లోపల డెమోడెక్స్, తామర మాత్రం పెరుగుతాయి.

ఏం చేయాలి?

చర్మాన్ని బ్లేడుతో కొద్దిగా గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే చాలాసార్లు ఏ పురుగో తెలిసిపోతుంది. గజ్జి పురుగు మాత్రం ఒక్కోసారి దొరకదు, అప్పుడు లక్షణాలను బట్టే మందు ఇస్తారు. గజ్జికి, పిడుదులకు ఇప్పుడు తిండిలో కలిపి పెట్టే మాత్రలున్నాయి. పట్టుకోవడం కష్టమైన వీధి కుక్కలకు ఇవి బాగా పనికొస్తాయి. మోతాదు మాత్రం బరువును బట్టి డాక్టరే చెప్పాలి. మూర్ఛలు వచ్చే కుక్క అయితే ఆ విషయం ముందే చెప్పండి. పడక గుడ్డలు వేడినీళ్లతో ఉతికి ఎండలో ఆరేయండి. ఎండకు మన దగ్గర కొదవ లేదు కదా!

దురదతో ఉన్న కుక్క చిరాగ్గా ఉంటుంది, ముట్టుకుంటే కరవొచ్చు. కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రిలో రేబిస్ టీకా వేయించుకోండి.

ఆదోని, ఎమ్మిగనూరు రెండుచోట్లా ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. సంచార పశువైద్య వాహనాల నంబర్ 1962. ఫోన్ చేసినప్పుడు కుక్క కోసమని ముందే చెప్పి కనుక్కోండి.