కథోలిక గృహవిద్య

పిల్లలను బడికి పంపకుండా, విశ్వాసాన్నీ చదువునూ కలిపి ఇంట్లోనే నేర్పే పద్ధతి. అమెరికాలో బాగా వేళ్లూనుకుంది. తల్లిదండ్రులే తొలి గురువులన్న రెండో వాటికన్ మహాసభ ప్రకటన (1965) దీనికి బలమైన ఆధారం. వర్జీనియాలోని సెటన్ సంస్థ పాఠ్యపుస్తకాలు, పరీక్షలు సమకూర్చి మార్కులూ వేస్తుంది. కొత్తగా మొదలుపెట్టే తల్లికి అదే కొండంత ధైర్యం. గృహవిద్యా రచయిత్రి లారా బెర్క్విస్ట్ బాట పట్టినవారు లాటిన్, తర్కం వంటి ప్రాచీన విద్యలతో సొంత ప్రణాళిక వేసుకుంటారు. విద్యావేత్త షార్లెట్ మేసన్ ఆంగ్లికన్ అయినా, చదివి వినిపించిన కథను పిల్లలచేత తిరిగి చెప్పించే ఆమె పద్ధతి కథోలిక ఇళ్లలోనూ ఉంది.

పసివాళ్లకు అన్నిటికన్నా హత్తుకునేది, 1954లో రోమ్‌లో సోఫియా కవల్లెత్తి, జాన్నా గొబ్బి ప్రారంభించిన ‘మంచి కాపరి’ ఉపదేశం. మాంటిస్సోరి తరహాలో, ఉపమానం విన్న పిల్లలు చిన్న చెక్క గొర్రెలను ఒక్కొక్కటిగా తమ చేతులతోనే దొడ్డిలోకి చేరుస్తారు.