అమ్మమ్మ చుట్ట తాగేది కాదు

"చుట్ట అలవాటుందా అమ్మా?" అని డాక్టరుగారు అడిగితే మా అమ్మమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఆయాసంతో మాట పెగలడం లేదు కానీ కోపం మాత్రం ఆగలేదు. "మా ఇంటావంటా లేదు నాయనా" అంది. ఆయన ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూసి మళ్ళీ అదే ప్రశ్న వేశారు. ఆయన తప్పేం లేదు, కొన్నిచోట్ల ఆడవాళ్ళు చుట్ట కాల్చడం మామూలే కదా. చివరికి మా అమ్మ కల్పించుకుని, "కట్టెల పొయ్యి మీద వంటండీ, యాభై ఏళ్ళ నుంచీ" అంది. "అదీ సంగతి" అని ఆయన మందులు రాసిచ్చారు.

అది 1998. నేను బి.ఏ. తెలుగు చదువుతున్నాను. మందుల చీటీ పట్టుకుని బయటికొచ్చేశాను కానీ, ఆ "అదీ సంగతి" వెనకాల ఎంత కథ ఉందో నాకు తెలియడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

మా అమ్మమ్మది పల్నాడులో చిన్న ఊరు. వంటిల్లు విడిగా, వెనకవైపు తాటాకు వసారాలో ఉండేది. రెండు పొయ్యిలు, పెద్దదాని పక్కనే ఓ కోడిపొయ్యి. కాల్చేది ఏడాదంతా ఒకటే కాదు. పంటను బట్టి కందికట్టె, పత్తికట్టె, మిరపకట్టె, ఏమీ లేనప్పుడు పిడకలు. మిరపకట్టెకి ఒక్క ఎండుకాయ అంటుకుని ఉన్నా చాలు, ఇల్లంతా దగ్గే. వాసాలు నల్లగా నిగనిగలాడుతూ ఉండేవి. పొయ్యికి పైన విత్తనాల జొన్నకంకులు వేలాడదీసేవారు, పొగ తగిలితే పురుగు పట్టదని. తాటాక్కి కూడా పొగ మంచిదేననేవారు, చెద పట్టదట. అంటే ఆ పొగతో పైకప్పుకి లాభం, విత్తనాలకి లాభం. కింద కూచుని గొట్టంతో ఊదే మనిషి సంగతి ఆ లెక్కలో లేదు.

అమ్మమ్మకి తన విద్య తనకుంది. వానాకాలం రాకముందే కట్టె ఎండబెట్టి చూరు కిందికి చేర్చేది. "పచ్చికట్టె కళ్ళు తీస్తుంది" అనేది. ముందు చితుకులు, తర్వాత సన్నకట్టె, ఆ తర్వాతే లావుది. మంట అందుకున్నాక ఇక ఊదనక్కర్లేదు. ఇన్ని తెలిసినా వర్షాకాలం నాలుగు నెలలూ ఆవిడ కళ్ళు ఎర్రగానే ఉండేవి.

చలికాలంలోనూ పురుళ్ళప్పుడూ కుంపటి. మా అమ్మ నన్ను కన్నప్పుడు బాలింత గదిలో తలుపులు బిడాయించి, కిటికీకి దుప్పటి కట్టి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టారట. తల్లీపిల్లా వెచ్చగా ఉండాలని. మర్నాడు అమ్మకి ఒకటే తలనొప్పి, వాంతులు. దిష్టి తగిలిందని తీసేశారు. ఇప్పుడు తలచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. బొగ్గులకి పొగ రాదు కాబట్టి మంచివనుకున్నారు పాపం. మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, వికారం అది పెట్టే మొదటి గుర్తులు. పొగైతే కనీసం దగ్గించి బయటికి తరుముతుంది. ఇది నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని మళ్ళీ లేవని కుటుంబాల వార్తలు ఈనాటికీ పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఇంకా ఎక్కడైనా బాలింతకి కుంపటి పెడుతుంటే దయచేసి ఆపండి. దుప్పట్లు చాలు.

ఇక అసలు కథకి వస్తాను.

1952 డిసెంబరులో లండన్‌లో చలి ఎక్కువై ఇంటింటా నెగళ్ళలో బొగ్గు మండించారు. ఫ్యాక్టరీల పొగ సరేసరి. గాలి కదలక పొగంతా ఊరి మీదే పరుచుకుంది. 5వ తారీఖు నుంచి 9 దాకా పట్టపగలే చీకటి. సుమారు 4,000 మంది చనిపోయారని అప్పట్లోనే లెక్క తేల్చారు. 1956లో పార్లమెంటు చట్టం చేసి, కొన్ని ప్రాంతాల్లో ఇళ్ళలోంచి కూడా పొగ రాకూడదంది. నాలుగేళ్ళు తిరక్కుండానే! మా ఆడపడుచు కూతురు ఇప్పుడు ఇంగ్లండులోనే ఉంటోంది. వాళ్ళ హాల్లో గాజు తలుపున్న ముచ్చటైన కట్టెల స్టవ్వు ఉంది. ముచ్చట సరే, దాని పొగతోనే సన్నని ధూళి గాలిలో పెరుగుతోందని అక్కడ మళ్ళీ గొడవ. 2021 మే నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం దాటకూడదని చట్టం. ఆ పిల్ల ఫోన్‌లో చెప్పగానే నాకు నవ్వొచ్చింది. పచ్చికట్టె కళ్ళు తీస్తుందని మా అమ్మమ్మ చెప్పలేదూ?

మరి మన దగ్గర ఎవరూ ఆలోచించలేదా అంటే, ఆలోచించారు. లండన్ చీకటి తొలగిన మరుసటేడే, 1953లో, మన హైదరాబాదులోనే. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబరేటరీస్‌లో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు అనే ఇంజనీరు పొగలేని పొయ్యి తయారుచేసి, కోట్లాదిమందికి పొగలేని వంటిళ్ళు అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో ఓ చిన్న పుస్తకం వేశారు. ఆ సంస్థ పేరులోని పొడి అక్షరాలతో దాన్ని హెర్ల్ చూలా అన్నారు. అంతకుముందే, 1947 ప్రాంతంలో, వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చూలా అని ఇంకొకటి వచ్చింది. రెండిట్లోనూ కిటుకు ఒకటే. ఒకచోట మంట పెడితే ఆ వేడి మట్టి లోపలి దారుల్లో వరసగా రెండు మూడు గిన్నెల కిందుగా వెళ్ళి, మిగిలిన పొగ గొట్టంలోంచి పైకి పోతుంది. మన కోడిపొయ్యికి అన్నగారనుకోండి. ఒక పొయ్యి వేడిని పక్కదానికి మళ్ళించడం మన ఆడవాళ్ళకి ఎప్పుడో తెలుసు. గొట్టం ఒక్కటే కొత్త. ఖర్చు చూస్తే మట్టీ ఇటుకా, ఓ పొగగొట్టం. ఇంజనీరు అనేవాడు ఆనకట్టలే కట్టాలనుకునే రోజుల్లో ఒకాయన కూచుని పొయ్యి గురించి పుస్తకం రాశాడంటే, నేనైతే ఆయనకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

అదే దశాబ్దంలో ఢిల్లీలో ఒక డాక్టరమ్మ. పేరు పద్మావతి. మన దేశంలో మొదటి మహిళా గుండెవైద్యురాలు. (103 ఏళ్ళు బతికి, 2020లో కరోనాతో పోయారు.) ఊపిరితిత్తులు పాడై, ఆ భారం గుండె కుడివైపు పడి అది అలిసిపోయే జబ్బు ఒకటుంది. పొగతాగే మగవాళ్ళకి వస్తుందని పేరు. ఆవిడ చూస్తే బీడీ ముఖం ఎరగని ఆడవాళ్ళు కూడా ఇంచుమించు అంతమందీ వస్తున్నారు, అదీ చిన్న వయసులోనే. చిన్నప్పటి నుంచీ పీలుస్తున్న వంటింటి పొగే కారణమై ఉండాలని ఆవిడా, ఆవిడతో పనిచేసిన మరో డాక్టరూ 1959లో వైద్యపత్రికలో రాశారు.

అంటే 1953కి పొయ్యి ఉంది, 1959కి జబ్బు సంగతి తెలుసు. మా అమ్మమ్మకి అప్పటికి పెళ్ళయి పదేళ్ళు. ముప్పై ఏళ్ళన్నా నిండలేదు. ఊపిరితిత్తులు ఇంకా బాగానే ఉండి ఉంటాయి. నాకు బాధ కలిగేది ఇక్కడే.

లండన్ పొగ వీధిలో ఉంది. పార్లమెంటుకు వెళ్ళే పెద్దమనుషులు కూడా దాన్నే పీల్చారు. మన పొగ వంటింట్లో ఉంది. తెలుగులో "పొగబెట్టడం" అంటే మనిషిని ఇంట్లోంచి వెళ్ళిపోయేలా చేయడం. వెళ్ళడానికి వేరే చోటు లేనిది వంటచేసే మనిషి ఒక్కతే.

1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో ముగిసేసరికి దేశంలో 3 కోట్ల పైచిలుకు పొయ్యిలు పెట్టారు. అడవులు తరిగిపోతున్నాయి, కట్టె ఆదా కావాలి అన్నది అందులో పెద్ద కారణం. ఆడవాళ్ళ ఊపిరి దాని వెనక వచ్చింది. చాలా ఇళ్ళలో ఆ పొయ్యిలు ఎక్కువ కాలం నిలవలేదు.

ఎందుకు నిలవవో మా ఇంట్లోనే చూశాను. నేను రెండో తరగతిలో ఉండగా ఊళ్ళోకి ఇద్దరు వచ్చి అమ్మమ్మకి పొగగొట్టం పొయ్యి కట్టి వెళ్ళారు. నెల రోజులు వంటిల్లు భలే ఉంది. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. కంతలు ఒక కొలతవి, ఆవిడ కుండలు ఇంకో కొలతవి. సందుల్లోంచి పొగ వచ్చేది. సంగటి కెలికేటప్పుడు అదురుకి అంచు మట్టి రాలేది. గొట్టం తాటాకు కప్పులోంచి పోతోంది, నిప్పురవ్వ పడితే ఏం కానని తాతయ్యకి నిద్ర పట్టేది కాదు. అన్నిటికన్నా ముఖ్యం, గొట్టంలో మసి పేరుకుంటే దులపాలి. కప్పెక్కి దులిపేదెవరు? తాతయ్య వంటింటి పని నాది కాదన్నాడు. మామయ్యలు రేపన్నారు. మసి మూసుకుపోయి పొగంతా వెనక్కి తన్నింది. ఒకరోజు అమ్మమ్మే దాన్ని పలుగుతో పగలగొట్టి పాత పొయ్యి వేసుకుంది. మన పొరుగున ఒడిశాలో 44 ఊళ్ళలో ఇలాంటి పొయ్యిలిచ్చి, కొన్నేళ్ళ పాటు రీమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు గమనించారు. మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది. ఆ తర్వాత తేడా లేకుండా పోయింది, బాగుచేసుకుంటూ వాడేవాళ్ళు లేక. ఆ డఫ్లోగారికి 2019లో నోబెల్ వచ్చింది. నేను ఆ సంగతి చదివి, మా తాతయ్యని తలచుకున్నాను.

గ్యాసు సంగతి మీకు తెలిసిందే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది, డ్వాక్రా సంఘాల్లోని ఆడవాళ్ళ పేరు మీదే కనెక్షను. 2016లో దేశమంతా ఉజ్వల. పేరు ఆడవాళ్ళది కావడం చిన్న విషయం కాదు. దీపం వచ్చిన కొన్నేళ్ళకి వరంగల్, నిజామాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో 420 పల్లె ఇళ్ళలో డాక్టర్ కల్పనా బాలకృష్ణన్ బృందం గాలిలో ధూళి కొలిచింది. గ్యాసు ఇళ్ళకీ కట్టె, పిడకల ఇళ్ళకీ మధ్య దాదాపు పదింతల తేడా తేలింది. ఆ ఇళ్ళలో అందరికన్నా ఎక్కువ పీల్చేది వంటచేసే ఆడమనిషేనని కూడా తేలింది. ఇది కొలిస్తేనే తెలియాలా అంటారేమో. కొలవనంత కాలం ఎవరూ నమ్మలేదు మరి.

అమ్మమ్మకి గ్యాసు అందలేదు. 1999 వేసవిలో పోయింది, దీపం పథకం మొదలయ్యే ముందు.

ఇప్పుడు ఆ ఇంట్లో మా అత్త, అంటే మామయ్య భార్య, ఉంటుంది. గ్యాసు ఉంది. కాఫీకీ, కూరకీ గ్యాసు. నీళ్ళు కాగడానికీ, పశువుల దాణాకీ, చుట్టాలొస్తే పెద్ద వంటకీ పెరట్లో కట్టెల పొయ్యి. సిలిండరు రేటు చూసి పొదుపు. పొయ్యి ఆరుబయట ఉండటం కొంత నయమే. కట్టె ఎండుదైతే ఇంకాస్త నయం. చంటిపిల్లల్ని దగ్గర కూచోబెట్టుకోకపోతే మరీ నయం. ఇంతకన్నా చేసేదేముంది, ఇవే చెప్పాను అత్తకి మొన్న సంక్రాంతికి. ఆవిడ గారెలకి మూకుడు పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వింది. మధ్యలో రెండుసార్లు దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. అమ్మమ్మది అచ్చం అలాగే మొదలైంది, పొడిగా.

"పప్పయినా గ్యాసు మీద పెట్టొచ్చుగా అత్తా" అన్నాను.

"పెట్టేదాన్నే. పోయిన ఏడాది కట్టెల పొయ్యి మీద పప్పు తిని ఎన్నాళ్ళయిందో అని అడిగింది నువ్వే కదే" అంది.