వజా నుంచి ఇన్‌పుట్ సబ్సిడీ దాకా: గోదావరి డెల్టాలో పంట నష్ట సాయం

గోదావరి డెల్టాలో పంట పోయిన రైతుకు సర్కారు చేసిన తొలి సాయం డబ్బు ఇవ్వడం కాదు, వసూలు తగ్గించుకోవడం. ఈస్టిండియా కంపెనీ పాలనలో చేను మునిగితే కరణం లెక్క రాసేవాడు, పైఅధికారి చూసేవాడు, ఏటా శిస్తు లెక్క తేల్చే జమాబందీలో కొంత కొట్టేసేవారు. దాన్ని వజా అనేవారు. మళ్లీ నాట్లు వేయడానికి రైతు చేతికి మాత్రం ఏమీ వచ్చేది కాదు. 1802 నుంచి శాశ్వత శిస్తు కిందికి వెళ్లిన జమీందారీల్లోనైతే పంట పండినా పోయినా జమీందారు సర్కారుకు కట్టే పేష్కష్ మారదన్నదే నియమం.

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక కరువు భయం తగ్గింది. ముంపు బెడద పోలేదు. 1883, 1884 చట్టాలతో తకావీ అప్పులు వచ్చాయి. విత్తనాలకూ ఎడ్లకూ డబ్బు దొరికేది, కానీ అది తీర్చాల్సిన బాకీయే.

తిరిగి కట్టనక్కర్లేని సాయానికి స్థిరమైన నిధి ఏర్పడటానికి స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలా కాలం పట్టింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద లంకలనూ చేలనూ ముంచింది. తొమ్మిదో ఆర్థిక సంఘం సిఫార్సుతో 1990లో విపత్తు సహాయ నిధి పుట్టింది. అందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రానిది 25.

ఈ నిధి నుంచి పంట నష్టానికి ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీలోని లోటు 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో బయటపడింది. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫానుకు వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు వరుసలకు వరుసలు కూలిపోయాయి. వరి పోతే వచ్చే సార్వాకో (ఖరీఫ్) దాళ్వాకో (రబీ) మళ్లీ నాటుకోవచ్చు. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఒక్క పంట పెట్టుబడిని దృష్టిలో పెట్టుకున్న సాయం అన్నేళ్ల ఆదాయ నష్టాన్ని ఎలా పూడుస్తుంది? 2022లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం కూడా బహువార్షిక పంటలకు హెక్టారుకు 22,500 రూపాయలే. హెక్టారు తోటలో 150కి పైగా చెట్లుంటాయి కాబట్టి చెట్టుకు నూటయాభై రూపాయలైనా పడవు. నీటి వసతి ఉన్న వరికి హెక్టారుకు 17,000. అదీ రెండు హెక్టార్ల వరకే. 2015కు ముందు పంట సగం పోతేనే అర్హత ఉండేది, ఆ ఏడాది నుంచి 33 శాతం పోయినా చాలన్నారు. ఆలస్యంగా జరిగినా, ఇది నిజంగా మేలు చేసిన మార్పు.

2011 సార్వాలో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. పూడుకుపోయిన డ్రెయిన్లు, కూలి ఖర్చులు, గిట్టని ధర వారిని అక్కడికి నెట్టాయి. దీనిపై అధ్యయనానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. మురుగు దిగని చేనుకు ఏటా పరిహారం రాయడం కన్నా డ్రెయిన్లు తవ్వించడమే అసలు సాయం.

డెల్టాలో సాగు చేసేవారిలో కౌలుదారులు ఎక్కువ. పట్టాదారు పేరు మీద లెక్క రాసినంత కాలం నష్టం ఒకరిది, సొమ్ము మరొకరిది అయ్యేది. 2011లో వచ్చిన చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చింది. 2019లో తెచ్చిన చట్టం సాగుదారు హక్కు కార్డును ప్రవేశపెట్టింది, కానీ అందుకు భూయజమానితో పదకొండు నెలల ఒప్పందం ఉండాలి. భూమి మీద హక్కు పోతుందన్న భయంతో యజమాని సంతకం పెట్టకపోతే కౌలుదారుకు ఆ కార్డు రాదు.